పుల్ రిక్వెస్టులు లెక్కపెట్టడం ఆపండి, వాటిని చూసే మనిషిని కూడా పంపండి: ఇంజినీరింగ్ కళాశాలలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ప్లేస్‌మెంట్ అధికారులకు, కోడింగ్ శిక్షణ సంస్థల నిర్వాహకులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. విద్యార్థులను ఓపెన్‌సోర్స్ వైపు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండి ఎవరైనా మార్చి వాడుకోగల సాఫ్ట్‌వేర్ వైపు నడిపించాలని మీరు అనుకోవడం మాకు నిజంగా సంతోషం. అయితే నడిపిస్తున్న తీరు వల్ల జరుగుతున్న నష్టం మీ దాకా రావడం లేదు. అందుకే ఈ లేఖ.

ముందు మేమెవరమో చెప్పాలి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును, ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా నడిచే యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను ముగ్గురం కలిసి నడుపుతున్నాం. ఒకరం విజయవాడలో, ఒకరం హైదరాబాద్‌లో, ఒకరం డల్లాస్‌లో ఉంటాం. ముగ్గురికీ వేరే ఉద్యోగాలున్నాయి. ఈ పనికి జీతం లేదు, ఆఫీసు లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆదివారం పొద్దున, దొరికిన గంటలో చేస్తాం. దీన్ని వాడేది డీటీపీ సెంటర్ల వాళ్లు, చిన్న పత్రికల వాళ్లు, ఇరవై ఏళ్ల కిందట పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసుకోవాలనుకునే రచయితలు, పాత కాగితాల్లోని మాటలను నెట్‌లో వెతుక్కునేలా చేసుకోవాలనుకునే సంఘాల వాళ్లు. వీళ్లలో చాలామందికి ఓపెన్‌సోర్స్ అన్న మాటే తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

పోయిన ఏడాది ఒక సెమిస్టర్ చివర్లో, ఒక్క వారంలో మాకు 130 పుల్ రిక్వెస్టులు వచ్చాయి. పుల్ రిక్వెస్టు అంటే, మీ కోడ్‌లో ఈ మార్పు చేర్చుకోండి అని బయటివాళ్లు పంపే విన్నపం. అలా చేర్చుకోవడాన్ని మెర్జ్ అంటారు. అంతకు ముందు ఏడాది మొత్తం కలిపినా అన్ని రాలేదు. తెరిచి చూస్తే, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో తన పేరు చేర్చినవాళ్లు కొందరు, ఒక కామా తీసినవాళ్లు కొందరు, ఖాళీ లైను ఒకటి పెట్టినవాళ్లు కొందరు. ఒకే మార్పును పదాల వరుస కూడా మారకుండా ముప్పై మంది పంపారు. ఇంకొన్నిటిలో ఏఐతో రాయించిన కోడ్ ఉంది. దాన్ని పంపినవాళ్లు ఒక్కసారైనా నడిపి చూసినట్టు లేదు. మేం వాటిని మూసేస్తుంటే కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి: "సార్, ఒక్కటైనా మెర్జ్ చేయండి. ల్యాబ్ మార్కులున్నాయి. రేపే లాస్ట్ డేట్."

ఆ పిల్లలను అడిగితే విషయం తెలిసింది. రెండు పుల్ రిక్వెస్టులు మెర్జ్ అయితేనే ఇంటర్నల్ మార్కులు అని వాళ్ల విభాగంలో పెట్టారట. మేం ఆ విభాగాధిపతికి మెయిల్ రాశాం. పదిహేను రోజులు ఆగి మళ్లీ రాశాం. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ఒక అధ్యాపకులు మర్యాదగానే మాట్లాడి చివరికి ఒక ప్రశ్న అడిగారు: "పిల్లలు నేర్చుకుంటున్నారు కదండీ, మీకేం నష్టం?" తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ అదే జరిగింది. ఈసారి రెండు కళాశాలల నుంచి.

ఆ కళాశాలల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. ఈ పద్ధతి వాళ్ల ఒక్కరి దగ్గరే లేదు. కానీ ఆ అధ్యాపకులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే, దానికి సరైన జవాబు ఇవ్వాల్సిన బాధ్యత మాకుంది. నష్టం ఏమిటో, ఎవరికో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఓపెన్‌సోర్స్‌లో కోడ్ రాసేవాళ్ల కొరత కంటే, వచ్చిన కోడ్‌ను చదివి చూసేవాళ్ల కొరత ఎక్కువ. పనికిరాని రిక్వెస్టు అని తేల్చడానికి కూడా దాన్ని తెరవాలి, చదవాలి, మంచి సంగతి ఏదైనా దాగి ఉందేమో చూడాలి, కొత్తవాళ్లు నొచ్చుకోకుండా రెండు మాటలు రాయాలి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 130కి దాదాపు 11 గంటలు. ముగ్గురం కలిసి వారానికి ఇవ్వగలిగేది తొమ్మిది పది గంటలు. అంటే ఆ వారం మా పని మొత్తం తలుపు దగ్గరే అయిపోయింది.

ఆ వారం మేమొక తప్పు చేశాం. "వాడని కోడ్ తీసేశాను" అని రాసి ఉన్న ఒక రిక్వెస్టును అలసటలో సరిగా చూడకుండా ఒప్పుకున్నాం. అందులో తీసేసిన రెండు లైన్లు ఒక పాత అను వెర్షన్‌లో క్రారవడిని, అంటే ర ఒత్తును గుర్తుపట్టే లైన్లు. అను లాంటి ఫాంట్లలో అక్షరం ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. ఆ రెండు వరుసలనూ కలిపే చోటే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ప్రాణం ఉంటుంది.

తెనాలిలో ఒక డీటీపీ ఆయన అప్పుడే ఒక రిటైర్డ్ మాస్టారి కవితల పుస్తకం మారుస్తున్నారు. సగం పాత వెర్షన్‌తో మార్చి ప్రూఫ్ కూడా చూసుకున్నారు. మిగతా సగం కొత్త వెర్షన్‌తో మార్చారు. "ప్రేమ" కాస్తా "పేమ" అయింది, "శ్రమ" "శమ" అయింది, "గ్రామం" "గామం" అయింది. ఆయన గమనించి మాకు రాశారు. బొమ్మ తీసి పంపారు, ఏ ఫాంటో రాశారు, ఏ పేజీయో రాశారు. అంత చక్కటి ఫిర్యాదు మాకు ఏడాదికి నాలుగైదు కూడా రావు. అది ఆ 130 కింద పడిపోయి 19 రోజుల తర్వాత మా కంట పడింది. ఆలోగా పుస్తకావిష్కరణ తేదీ దగ్గర పడింది. ఆయన కంటికి దొరికినవన్నీ చేత్తో దిద్దుకున్నారు, దొరకనివి అచ్చయిపోయాయి. 300 కాపీలు. రెండు ఫారాలు సొంత డబ్బుతో మళ్లీ వేయించారు.

మాకేం నష్టం అంటే ఇదీ. అది మా ముగ్గురితో ఆగలేదు.

2. ఇది మా చిన్న ప్రాజెక్టుకే వచ్చిన కష్టం కూడా కాదు. ఓపెన్‌సోర్స్‌కు మార్పులు పంపమని ప్రోత్సహిస్తూ అక్టోబరులో జరిగే హాక్టోబర్‌ఫెస్ట్ మీకు తెలిసే ఉంటుంది. 2014లో మొదలైంది, మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 2020లో నాలుగు రిక్వెస్టులకు ఒక టీషర్టు అనేసరికి ప్రపంచమంతా ప్రాజెక్టుల మీద చెత్త రిక్వెస్టులు కుప్పపడ్డాయి. ప్రాజెక్టులను నడిపే మెయింటెయినర్లు మొర పెట్టుకుంటే, నెల మొదటి రోజుల్లోనే నిర్వాహకులు నియమం మార్చారు. మాకు ఇష్టమే అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకు వచ్చినవే లెక్కలోకి తీసుకున్నారు. 2023లో టీషర్టులే ఆపేశారు.

2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుకు జరిగింది మనకు ఇంకా దగ్గరి సంగతి. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు విస్తారంగా వాడే సాఫ్ట్‌వేర్ అది. మన దేశంలో వచ్చిన ఒక యూట్యూబ్ పాఠంలో, పుల్ రిక్వెస్టు ఎలా పంపాలో చూపించడానికి ఎక్స్‌ప్రెస్ రీడ్‌మీ ఫైలునే తీసుకున్నారు. చూసిన పిల్లలు నేర్చుకోవడం అంటే ఇదే అనుకుని అలాగే పంపారు. ఊరూ పేరూ రాసిన రిక్వెస్టులు వందల్లో వచ్చిపడ్డాయి. వాళ్ల తప్పు ఎంత? మాస్టారు బోర్డు మీద ఏది రాస్తే పిల్లలు నోటుబుక్కులో అదే రాసుకుంటారు.

ఏఐ వచ్చాక పరిస్థితి ఇంకా బిగిసింది. కర్ల్ అనే సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి ఫోన్‌లో, ప్రతి సర్వర్‌లో ఏదో రూపంలో ఉంటుంది. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి దాన్ని నడుపుతున్నారు. భద్రతా లోపం చూపిస్తే డబ్బు ఇచ్చే పథకం వాళ్లకు ఉండేది. ఏఐ రాసిన ఉత్తుత్తి ఫిర్యాదులు తట్టుకోలేక 2026 జనవరితో దాన్ని ముగించారు. ఇలా ఒక్కో తలుపు మూసుకుంటూ పోతే, నిజంగా లోపం కనిపెట్టిన విద్యార్థికి కూడా అదే తలుపు మూసి ఉంటుంది.

3. పంపినవాళ్ల సంఖ్యే తప్ప అందుకునేవాళ్ల సంఖ్య ఎవరూ లెక్కపెట్టకపోతే ఏమవుతుందో మన దేశం 2011లోనే చూసింది. పుణేలోని కొన్ని కళాశాలల విద్యార్థులతో ఇంగ్లిష్ వికీపీడియాలో వ్యాసాలు రాయించే కార్యక్రమం ఒకటి పెట్టారు. వికీమీడియా ఫౌండేషనే ముందుండి నడిపింది. వందల మంది విద్యార్థులకు అది క్లాసు అసైన్‌మెంటు. వాళ్లకు నేర్పగలిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. పుస్తకాల్లోంచి, నెట్‌లోంచి ఎత్తి రాసిన పేరాలు గుట్టలుగా పడ్డాయి. కాపీరైట్ ఉన్న పాఠాన్ని వెతికి తీసేసే పని ఎక్కడెక్కడి వాలంటీర్ల మీదో పడింది. ఆ కార్యక్రమాన్ని అదే ఏడాది ఆపేయాల్సి వచ్చింది.

తెలుగు వికీపీడియాకు కూడా అలాంటి అనుభవమే ఉంది. 2009 నుంచి 2011 దాకా గూగుల్ అనువాద పరికరంతో ఇంగ్లిష్ వ్యాసాలను తెలుగులోకి మార్చి పెట్టే ప్రయత్నం జరిగింది. సంఖ్య బాగా పెరిగింది. కానీ ఆ వ్యాసాల్లో చాలావాటిని తెలుగు తెలిసినవాడు చదివి అర్థం చేసుకోలేడు. వాటిని దిద్దాలా తీసేయాలా అని తెలుగు వికీపీడియన్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి తలలు పట్టుకున్నారు. రాసినవాళ్లు వెళ్లిపోయారు. దిద్దే పని ఉన్నవాళ్ల మీద పడింది. ఇప్పుడు మన కళాశాలల నుంచి వస్తున్న రిక్వెస్టులను చూస్తే నాకు ఆ రోజులే గుర్తొస్తున్నాయి.

4. చెడ్డపేరు ఒక్క విద్యార్థితో పోదు. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులేవీ తీసుకోబోమని లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి లైనక్స్ కెర్నెల్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ప్రకటించారు. కొందరు పరిశోధకులు కావాలనే లోపాలున్న మార్పులు పంపి పరీక్షించారన్నది కారణం. ఆ విశ్వవిద్యాలయం నుంచి అంతకు ముందు వచ్చిన మార్పులన్నిటినీ మళ్లీ తిరగేశారు, నిజాయితీగా పని చేసినవాళ్లవి కూడా. ఆ తర్వాత పరిశోధకులు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మీ పిల్లలది దురుద్దేశం కాదని మాకు తెలుసు. కానీ ఒక కళాశాల మెయిల్ ఐడీ కనిపించగానే తెరవకుండా మూసేసే అలవాటు మెయింటెయినర్లకు వస్తే, ఆ కళాశాల నుంచి వచ్చే మంచి విద్యార్థికి దారి లేకుండా పోతుంది. రెండో సెమిస్టర్‌లో మాకూ ఆ ఆలోచన వచ్చింది. చేయలేదు.

5. అలసిపోయిన మెయింటెయినర్ వల్ల వచ్చే ప్రమాదం అందరిదీ. 2024 మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. దాన్ని ఏళ్ల తరబడి ఒక్కడే, జీతం లేకుండా నడిపిన మనిషి మీద కొన్ని ఖాతాలు ఒత్తిడి పెంచాయి: పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించు అని. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని హాబీ అని ఆయన 2022లోనే రాశారు. చివరికి సాయం చేస్తానంటూ వచ్చిన ఒక ఖాతాకు అధికారం ఇచ్చారు. రెండేళ్లకు పైగా నమ్మకంగా పని చేసి దొంగదారి పెట్టింది ఆ ఖాతానే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన కంప్యూటర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని ఆరా తీయడంతో అది దొరికింది. లేకపోతే ప్రపంచంలోని ఎన్నో సర్వర్లకు ఆ దొంగదారి చేరేది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడూ ఇదే కథ విన్నాం. నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి బ్యాంకుల నుంచి టికెట్ రిజర్వేషన్ల దాకా అందరూ ఆధారపడ్డ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పటిదాకా ఏడాదికి వచ్చే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు.

మేం నడిపేది అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. అయినా ఆ మనిషి అలసట ఎలాంటిదో మాకు తెలుసు.

6. అందరికంటే ఎక్కువ నష్టం మీ విద్యార్థికే. పేరు చేర్చి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఇంటర్వ్యూలో "ఓపెన్‌సోర్స్ కంట్రిబ్యూటర్" అని రాసుకుంటాడు. ఎదుట కూర్చున్నవాళ్లు ఆ లింకు తెరిచి చూస్తారు. అక్కడ ఒక కామా ఉంటుంది. ఆ క్షణం వాడి ముఖం ఎలా ఉంటుందో ప్లేస్‌మెంట్ అధికారులుగా మీరు ఒకసారి ఊహించండి.

ఇక్కడ ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఆ 130 మందిలో తనూ ఒకతి. రీడ్‌మీలో పేరు చేర్చిన రిక్వెస్టునే పంపింది, మేం మూసేశాం. వారం తర్వాత మళ్లీ రాసింది, తెలుగులో: "అన్నా, మార్కుల సంగతి వదిలేయండి. ఈ ఒత్తులు ఎలా కలుస్తాయో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది." వాళ్ల ఊళ్లో మేనమామకు డీటీపీ షాపు ఉందట. నాలుగు నెలల పాటు ఆయన పాత ఫైళ్లు తెచ్చుకుని, ఏ మాట ఎలా రావాలో, ఎలా వస్తోందో రాసి 400 దాకా పరీక్షా వాక్యాలు తయారు చేసింది. ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. మా సాఫ్ట్‌వేర్‌కు ఇన్నేళ్లలో అందిన అతి పెద్ద సాయం అదే. తెనాలి ఆయనకు జరిగింది మళ్లీ జరగకుండా ఇప్పుడు ఆ వాక్యాలే కాపలా కాస్తున్నాయి. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ల రిక్వెస్టులను మొదట చూసేది తనే. కానీ రెండు మెర్జ్‌లు లేవని ఆ సెమిస్టర్‌లో తనకు మార్కులు తగ్గాయి.

ఈ చివరి వాక్యం రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఇక, వాలంటీర్లను అసలు నడిపించగలమా అన్న ప్రశ్న. లైనక్స్ ఆధారంగా ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసే డెబియన్ అనే పెద్ద ప్రాజెక్టుకు 1998లో ఆమోదించిన ఒక నియమావళి ఉంది. ప్రాజెక్టు కోసం పని చేయాలన్న నిర్బంధం ఎవరి మీదా లేదని, అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయనక్కర్లేదని అందులో రాసుకున్నారు. నియమాలకు అడ్డుపడకుండా ఉంటే చాలు. ఎవరికీ పని పురమాయించే హక్కు లేకుండానే, వేల మంది కలిసి ఇన్నేళ్లుగా దాన్ని నిలబెట్టారు. లైనక్స్ కెర్నెల్‌లో ఒక కొత్తవాడి మార్పు నేరుగా దాన్ని మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్స్ దగ్గరికి పోదు. ఆ విభాగాన్ని చూసే మెయింటెయినర్ ముందు చదువుతారు, ఇతరులు చదువుతారు, చదివినవాళ్లు "రివ్యూడ్-బై" అని తమ పేరు పెడతారు. పేరు పెట్టారంటే మాట ఇచ్చినట్టు. ఆ తర్వాతే అది పైకి వెళుతుంది. ఇష్టంతో వచ్చినవాళ్లను నడిపించేది ఈ రెండే: ఏ పని అవసరమో స్పష్టంగా చెప్పడం, చేసిన పనిని ఒక మనిషి కూర్చుని చదవడం. మార్కుల భయం వీటిలో దేనికీ బదులు రాదు.

అందుకని మా విన్నపాలు ఇవి.

మొదటిది, మెర్జ్ అయిన రిక్వెస్టుల సంఖ్యకు మార్కులు ముడిపెట్టే పద్ధతిని వచ్చే సెమిస్టర్ నుంచే తీసేయండి. మెర్జ్ చేయడం విద్యార్థి చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదు. మీ జీతం తీసుకోని, మీకు తెలియని ఒక మనిషి చేతిలో ఉంది. అలాంటిదాని మీద పిల్లల మార్కులు పెట్టడం వాళ్లకూ అన్యాయమే. దానికి బదులు విద్యార్థి ఏం చదివాడో, ఏ లోపాన్ని తన కంప్యూటర్‌లో మళ్లీ తెప్పించి చూశాడో, ఎలా వివరించాడో చూసి మార్కులు వేయండి. మెర్జ్ కాని పని కూడా మంచి పని కావచ్చు.

రెండోది, కోడ్‌లో చేసే మార్పులను నమోదు చేసే గిట్ ఎలా వాడాలో నేర్పడానికి పక్కవాళ్ల ప్రాజెక్టు అక్కర్లేదు. కోడ్ దాచుకునే రిపాజిటరీని కళాశాల సొంతంగా ఒకటి పెట్టుకోండి. మొదటి పది రిక్వెస్టులు అక్కడే పంపించండి, తప్పులు అక్కడే చేయించండి. శిక్షణ సంస్థల వారికి, యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవారికి ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను. జనం వాడుతున్న ప్రాజెక్టు మీద డెమో చూపించకండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. బయటికి పంపే ప్రతి రిక్వెస్టును ముందు కళాశాలలోనే ఒకరు చదవాలి. ఇరవై మంది విద్యార్థులకు ఒకరు చాలు. అధ్యాపకులు కావచ్చు, ఫైనల్ ఇయర్ విద్యార్థి కావచ్చు, కంపెనీలో పని చేస్తున్న పూర్వ విద్యార్థి కావచ్చు. వారు ఆ ప్రాజెక్టులో కొన్నాళ్లయినా పని చేసి ఉండాలి. చదివాక, లైనక్స్ వాళ్లలాగే కింద తమ పేరు పెట్టాలి. అలా ఒక్కరు ముందు చూసి ఉంటే ఆ 130లో మా దాకా వచ్చేవి పది ఉండేవేమో. ఆ పదీ మేం సంతోషంగా చూసేవాళ్లం. అధ్యాపకులకు ఈ పనిని వర్క్‌లోడ్‌లో గంటలుగా లెక్కగట్టండి. ఇప్పటికే ఉన్న పనుల మీద ఇది కూడా వేస్తే వాళ్లూ మాలాగే అలసిపోతారు.

నాలుగోది, పంపే ముందు అడగండి. ఒక్క మెయిల్ చాలు: మా దగ్గర ఇంతమంది ఉన్నారు, ఈ నెలల్లో వీలవుతుంది, మీకు అవసరమైన పని ఏమైనా ఉందా అని. కుదరదని జవాబు వస్తే ఆ ప్రాజెక్టును వదిలేయండి.

ఐదోది, ఒకే ప్రాజెక్టులో రెండు సెమిస్టర్లు ఉండనివ్వండి. నాలుగు నెలలు దాటితే గానీ కొత్తవాళ్ల వల్ల ప్రాజెక్టుకు మేలు మొదలవదు. అప్పటిదాకా నేర్పేవాళ్ల సమయమే ఖర్చవుతుంది. కొత్తవాళ్లను ఓపెన్‌సోర్స్‌లోకి తెచ్చే కార్యక్రమాలు గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి, ఔట్రీచీ ఇన్నేళ్ల నుంచి నిలబడటానికి కారణం ఒక్కటే, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫలానా అని పేరు చెప్పగలిగే ఒక మెంటర్ ఉంటారు.

ఆరోది తెలుగు కోసం. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు ఎక్కువగా ఉండే గిట్‌హబ్ సైటులో డెవలపర్ల సంఖ్యలో అమెరికా తర్వాత మన దేశమే ఉంది. అయినా తెలుగు వచ్చినవాళ్లే చేయగలిగిన పనులకు మనుషులు దొరకడం లేదు. స్కాన్ చేసిన పుస్తకాలను చదివే టెసరాక్ట్ తెలుగు ఒత్తుల దగ్గర తడబడుతుంది, ఎక్కడ తడబడుతోందో రాసి చెప్పేవాళ్లు కావాలి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ తెలుగు అనువాదాలను సరిచూసేవాళ్లు కావాలి. జనం గొంతులు సేకరించే మొజిల్లా కామన్ వాయిస్‌కు శ్రీకాకుళం గొంతు, ఆదిలాబాద్ గొంతు, అనంతపురం గొంతు కావాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ కొత్త వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. ఆపిల్‌ది ఓపెన్‌సోర్స్ కాదు, అది వేరే సంగతి. కానీ మన లిపిని పరీక్షించి చూసే మనుషులు లేకపోతే ఏమవుతుందో అది చూపించింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి తెచ్చిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. విద్యార్థులు ఊళ్లకు వెళ్లి సర్వేలు చేస్తున్నారు. అందులో దీన్నీ ఒక అంశంగా ఒప్పుకోండి. మండల కేంద్రంలోని డీటీపీ సెంటర్‌లో, మీసేవ కౌంటర్ పక్కన, గ్రంథాలయంలో రెండు రోజులు కూర్చుని, తెలుగుతో కంప్యూటర్ దగ్గర వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసి తెచ్చినా చాలు. ఏం టైపు చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అన్న మూడు ముక్కలు సరిగ్గా రాసిన ఫిర్యాదు, మాకు వంద రిక్వెస్టుల కంటే ఎక్కువ. తెలంగాణ విశ్వవిద్యాలయాలు కూడా ఇంటర్న్‌షిప్ కింద ఇలాంటి వీలు కల్పించాలని కోరుతున్నాం.

హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ఒక మాట. జెరోధా సంస్థ 2024లో ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏడాదికి పది లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. అందరూ అంత ఇవ్వలేకపోవచ్చు. మీ ఉద్యోగి మెయింటెయినర్ అయితే వారానికి నాలుగు గంటలు ఆఫీసు సమయంలోనే ఆ పని చేసుకోనివ్వండి. మాకు డబ్బు కంటే ముందు కావాల్సింది గంటలు.

విద్యార్థులు ఎవరైనా ఈ లేఖ చదువుతుంటే, మీ రిక్వెస్టు మూసేశామని మీ మీద కోపం అనుకోవద్దు. ఆ అమ్మాయిలాగే మళ్లీ రండి. తెలుగులోనే రాయండి.

మా వైపు నుంచి మేం ఇవ్వగలిగింది కూడా చెబుతాను. సెమిస్టర్‌కు పదిహేను మంది విద్యార్థులను తీసుకోగలం. అంతకు మించి మా వల్ల కాదు. నెలకు రెండు ఆదివారాలు పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆన్‌లైన్‌లో కూర్చుంటాం. చేయాల్సిన ఇరవై పనుల జాబితాను తెలుగులో రాసి పెట్టాం. ఒక్కో పని కింద అది ఎవరికి ఉపయోగమో కూడా రాశాం. కళాశాలలో ఎవరైనా ఒకరు ముందుగా చదివి పేరు పెట్టిన రిక్వెస్టుకు పది రోజుల్లో జవాబిస్తాం. ఈ మాట మీద నిలబడతాం.

వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోగా మీ నిర్ణయం ఏమిటో లిఖితపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం. మా మొదటి రెండు మెయిళ్లు అందుకున్నవారిని కూడా.

జాబితాలో మొదటి పని తెనాలి ఆయన చెప్పినదే. క్రారవడి సరిచేశాం గానీ, ఆ పాత వెర్షన్‌లో బండి ర ఇంకా సరిగా రావడం లేదు. మాస్టారి రెండో పుస్తకం సంక్రాంతికి అచ్చుకు వెళుతుందట.

ఇట్లు,
ఫాంట్ల మార్పిడి సాఫ్ట్‌వేర్‌ను నడుపుతున్న ముగ్గురి తరఫున,
విజయవాడ